పెట్టె పెద్దోనికి, రిమోటు చిన్నోనికి

ఆ పంచాయితీ పెద్దమనుషుల తెలివి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు. తొంభైల మొదట్లో మా ఆయనా, ఆయన అన్న, అంటే మా బావా వేరుపడ్డారు. బావి నీళ్ల వంతు దగ్గర మొదలైన గొడవ ఇల్లు పంచుకునేదాకా వచ్చింది. ప్రతి సామానూ ఇద్దరికీ సమానంగా రావాలని పెద్దమనుషులు పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా లేవలేదు. గంగాళం ఒకరికి, కాగు ఒకరికి. టీవీలు రెండున్నాయి, చెరొకటి. చివరికి డిష్ డబ్బా మిగిలింది. మా ఆయన దుబాయి నుంచి వచ్చేటప్పుడు తెచ్చాడు దాన్ని. మిద్దె మీద బండి చక్రమంత డిష్ ఉండేది. దాని తీగ కిందికి దిగి హాల్లో ఉన్న డబ్బాలోకి, అక్కడి నుంచి రెండు గదుల్లో ఉన్న రెండు టీవీలకు పోయేది.

ఒక పెద్దమనిషి డబ్బాను చేత్తో ఎత్తి చూశాడు. రిమోటును అటూ ఇటూ తిప్పి చూశాడు. అవి రెండు వేర్వేరు సామాన్లని ఆయనకు తోచింది. "పెట్టె పెద్దోనికి, రిమోటు చిన్నోనికి. బరాబరైంది" అన్నాడు. ఒకటి లేకుండా రెండోది ఎందుకూ పనికిరాదని అన్నదమ్ములిద్దరికీ తెలుసు. కానీ మొదట నోరు విప్పినవాడు తగ్గినట్టవుతుందని ఇద్దరూ గంభీరంగా తలూపారు. మగవాళ్ల పౌరుషం అంటే ఇదే కాబోలు, నాకైతే నెత్తి బాదుకోవాలనిపించింది.

హాలు బావ వాళ్ల వంతుకు, పక్క గది మా వంతుకు వచ్చాయి. మధ్యన ఉన్న తలుపు పీకేసి ఇటుకలు పెట్టారు. తీరా చూస్తే డబ్బా మీద చానెల్ తిప్పే బటన్లు ఎప్పుడో పోయాయి, ఆన్ చేసే బటన్ ఒక్కటే పనిచేస్తుంది. అంటే ఆన్ చేసేది వాళ్లు, చానెల్ తిప్పేది మేము. రిమోటు పనిచేయాలంటే దానికి డబ్బా ఎదురుగా కనబడాలి. పెద్దమనుషులు మళ్లీ వచ్చి, గోడ పైభాగంలో ఉన్న గవాచి, అంటే గాలి కోసం పెట్టిన చిన్న కంత, మూయొద్దన్నారు. డబ్బా నడిచినన్ని రోజులు అది తెరిచే ఉండాలని తీర్పు. అలా రెండు ఇళ్ల మధ్య, ఒక మనిషి తల పట్టేంత సందు మిగిలింది.

ఆ రోజే మా బావ అందరి ముందూ తన భార్య తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. తన ఇంటివాళ్లెవరూ ఇకమీదట మా గడప తొక్కరని. అక్క, అంటే మా బావ భార్య, నా యారాలు, తల వంచుకుని నిలబడింది. ఒట్టు తప్పితే కీడు జరిగేది ఆ తలకే. తన పౌరుషానికి ఆమె తల తాకట్టు పెట్టాడు కదా అని నాకు ఒళ్లు మండిపోయింది.

నేను ఆసిఫాబాద్ దిక్కు నుంచి వచ్చిన పిల్లను. నా మాటల్లో మరాఠీ దొర్లేది. కొత్తలో ఆ ఇంట్లో అందరూ నన్ను వెక్కిరించేవాళ్లు. అక్క ఒక్కతే వెక్కిరించలేదు. పైగా నా మాటలు రెండు మూడు తానే నేర్చుకుని అందరి ముందూ వాడేది. దాంతో వాళ్ల నోళ్లు మూతపడ్డాయి. నా ఇద్దరు పిల్లలకూ బాలింత స్నానాలు పోసింది ఆమే. వేరుపడ్డప్పుడు సగం పొలం పోయినందుకు నేను ఏడవలేదు. అక్క పోతుందేమోనని ఏడ్చాను.

గవాచి ఉండబట్టి బతికాను. మధ్యాహ్నం మగవాళ్లు చేన్లకు పోయాక అక్క డబ్బా ఆన్ చేసేది. నేను స్టూలెక్కి గవాచిలో చెయ్యి పెట్టి చానెల్ తిప్పేదాన్ని. రెండు గదుల్లో ఒకటే హిందీ సీరియల్ నడిచేది. అక్కకు ఉర్దూ కొంచెం వచ్చు కాబట్టి అర్థం కాని మాటలు గోడ అవతలి నుంచి చెప్పేది. ఆ సీరియల్లో అత్తను ఇద్దరం కలిసి తిట్టేవాళ్లం. ఒక్కసారే నవ్వేవాళ్లం. సర్వపిండి చేస్తే అటు పోయేది, పచ్చిపులుసు గిన్నె ఇటు వచ్చేది. పిండి రుబ్బుతూ, బియ్యం ఏరుతూ ఎన్ని మాటలు చెప్పుకున్నామో.

మగవాళ్లకు మాత్రం ఆ డబ్బా ఒక యుద్ధం. బావ వార్తలు చూస్తుంటే మా ఆయన కావాలనే పాటలు పెట్టేవాడు. బావ డబ్బా కట్టేసేవాడు. రెండిళ్లలోనూ టీవీలు నల్లబడేవి. అప్పుడు అక్క గవాచి దగ్గరికి వచ్చి, "చెల్లె, జర వార్తలు పెట్టు, మీ బావ అన్నం తింటలేడు" అని మెల్లగా అనేది. నేను మా ఆయన చేతిలో నుంచి రిమోటు గుంజుకునేదాన్ని. ఆయన గొణిగేవాడు తప్ప అడ్డం చెప్పేవాడు కాదు. అన్న తినలేదంటే లోపల ఎక్కడో ఆయనకూ బాధే, పైకి ఒప్పుకోడు అంతే.

నాలుగేళ్లు ఇట్లా గడిచాక మా వాడలోకి కేబుల్ వచ్చింది. ఇంటింటికీ తీగ గుంజారు. మా ఆయన ఒకటి తీసుకున్నాడు, బావ ఒకటి. ఇక డబ్బా అక్కర లేదు, రిమోటు అక్కర లేదు. అక్కర లేదంటే గవాచి కూడా అక్కర లేదని నాకు అర్థమైంది. నేను మా ఆయనను బతిమాలాను, ఆ ఒక్కటీ ఉండనివ్వమని. "గోడ వాళ్ల దిక్కుది, నేనేం చేస్తా" అన్నాడు. ఎప్పుడూ లేని న్యాయం ఆ రోజే గుర్తొచ్చింది ఆయనకు.

బావ మేస్త్రీని పిలిపించాడు. అవతల తాపీ చప్పుడు వినబడుతుంటే నేను స్టూలెక్కి నిలబడ్డాను. అక్క కూడా అవతల ఉంది. ఆమె చీర కొంగు కనబడుతోంది. ఏమైనా అంటుందని చూశాను. వద్దని ఒక్కమాట భర్తతో అంటుందేమోనని చూశాను. ఏమీ అనలేదు. చివరి ఇటుక పెట్టారు. నా గదిలో చీకటి పడింది. నాకు బావ మీద కంటే అక్క మీదే ఎక్కువ కోపం వచ్చింది. ఇన్నేళ్ల స్నేహం ఆమెకు ఇంతేనా అనుకుని ఆ రాత్రి అన్నం కూడా తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం సీరియల్ టైముకు టీవీ పెట్టుకుని కూర్చున్నాను. చూడబుద్ధి కాలేదు. వీధి వాకిట్లో చెప్పుల చప్పుడైంది. లేచి చూస్తే అక్క. పట్టపగలు, ఎదురింటివాళ్లంతా అరుగుల మీద కూర్చుని చూస్తుండగా, మా గడప దాటి లోపలికి వచ్చి, నా పక్కన చాప మీద కూర్చుంది.

సంతోషం కంటే ముందు భయమేసింది. "అక్కా, ఒట్టు" అన్నాను.

ఆమె టీవీ వైపే చూస్తూ అంది: "తల నాది, ఒట్టు ఆయనది. నా తలకేమైతదోనని నాకే ఫికర్ లేదు. ఇన్నేండ్లు గవాచి ఉన్నదని ఊకున్న. ఇగ లేదు గద, నడిచొచ్చిన."

నాకు దుఃఖం ఆగలేదు. ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ముందురోజు తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి ఇంకా ఏడుపొచ్చింది. రెండిళ్ల వాకిళ్ల మధ్య పిల్లలు గోలీలాడుకునేంత దూరం. ఆ దూరం నడవడానికి మాకు నాలుగేళ్లు పట్టింది.

సీరియల్ సగంలో ఉండగా బావ వచ్చాడు. చేను నుంచి వస్తే ఇంట్లో ఎవరూ లేరు, ఎవరో చెప్పినట్టున్నారు. మా వాకిట్లోకి రాకుండా వీధిలోనే నిలబడ్డాడు. నేను కొంగు సవరించుకుని తలుపు దగ్గరికి పోయాను. వేరుపడ్డప్పటి నుంచి ఆయన నాతో మాట్లాడలేదు. అరుస్తాడనుకున్నాను, అక్క తలకేమవుతుందో తెలియదా అంటాడనుకున్నాను. వాడ వాడంతా ఆయన వైపే చూస్తోంది.

ఆయన నేల చూస్తూ, "ఎప్పుడొస్తదట?" అని అడిగాడు.

నేను జవాబు చెప్పేలోపే అక్క లోపలి నుంచి, లేవకుండానే అంది: "ఇది అయిపోయినంక వస్త. అన్నం పొయ్యి దగ్గరున్నది, పెట్టుకొని తినుమను."

బావ "సరే" అని, ఇంటికి పోయి అన్నం పెట్టుకుని తిన్నాడు.