గడపకు వేసిన కంప

మా పాపకు నీళ్లు లేని కాలువల పిచ్చి. బయట చెప్తే నవ్వుతారని నేను ఎవరికీ చెప్పేదాన్ని కాదు. మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది. చదువుకేం లోటు లేదు గానీ, ఆదివారం వస్తే చాలు, ఫోను పట్టుకుని ఎండిపోయిన వాగులు, వంకలు, పూడిపోయిన తూములు, కప్పు కూలిన ఇళ్లు వెతుక్కుంటూ పోతుంది. అందరి పిల్లలూ తమ మొహాలు ఫోటోలు తీసుకుంటారు, మా పిల్ల మొండిగోడల్ని తీస్తుంది.

"ఆడేముండాదే, పాములు తప్ప?" అని అరిచేదాన్ని.

"నీకు తెలీదులేమా" అనేది.

నేను ఇంట్లో రవికలు కుడతాను. మిషను ముందు కూర్చుని నేనెంత అరిచినా అది మిషను చప్పుడులో కలిసిపోవలసిందే.

పోయిన వేసవిలో కుప్పం దగ్గర ఒక పల్లెకు పోయింది. అది మా తమ్ముడి అత్తగారి ఊరు. అక్కడి వంక చాలా బాగుందని ఎవరో చెప్పారట. ఆ వంక గట్టున ఒక పెంకుటిల్లు. వాకిట్లో గడ్డి మొలిచింది, తలుపుకు అడ్డంగా ముళ్లకంప వేసి ఉంది, తాళం లేదు. ఇంకేం, మా పాపకు పండగే! కంపను పక్కకు లాగి, గొళ్లెం తీసి, లోపలికి పోయి ఇష్టమొచ్చినన్ని ఫోటోలు తీసుకుంది. వచ్చేటప్పుడు కంపను మళ్లీ పెట్టాలన్న బుద్ధి కూడా పుట్టలేదు. వాకిట్లో నిలబడి తీసిన ఫోటో ఒకటి 'ఎవరూ లేని ఇల్లు' అని రాసి స్టేటస్‌లో పెట్టింది.

మరుసటి పొద్దున పుంగనూరు నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, ఆ ఇల్లు పాడుబడిందని నీ కూతురికి ఎవురు చెప్పినారు? అది మూసిపెట్టిన ఇల్లు! పెద్దాయన పోయిన నచ్చత్రం బాగలేదని మూసిపెట్టినారు. కంప తీసిందెవురని ఊళ్లో ఒకటే రచ్చగా ఉండాది."

నాకు తల తీసేసినట్టయింది.

మా వైపు చెడ్డ నక్షత్రంలో ఎవరైనా పోతే, ఇంట్లోవాళ్లంతా సామాను తీసుకుని బయటికొచ్చి, తలుపుకు కంప వేస్తారు. పెద్దలు చెప్పిన గడువు తీరేదాకా ఎక్కడో ఒకచోట తలదాచుకుంటారు. ఆ లోగా ఎవరూ గడప దాటకూడదు. దాటితే గడువు మళ్లీ మొదటికొస్తుంది. ఇదంతా మేకలు కాసేవాళ్లకు కూడా తెలుసు. డిగ్రీ చదివే నా కూతురికి తెలియదు.

ఎట్లా తెలుస్తుంది? మా అత్త పోయినప్పుడు కూడా నక్షత్రం మంచిది కాదన్నారు. అద్దె ఇల్లు మూసేసి యాడికి పోతామని, అయ్యవారిని పిలిచి శాంతి చేయించి, ఆ ఇంట్లోనే వండుకుని తిన్నాం. పాప అప్పుడు చిన్నది. ఆ తర్వాత ఆ మాటే మా ఇంట్లో ఎత్తలేదు. మన బంగారం మంచిదైతే కదా ఒకరిని అనడానికి! అయినా దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. అది ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తప్పు చెప్పుకోవడానికి అప్పటికప్పుడే ఇద్దరం బస్సెక్కాం. పుంగనూరులో తమ్ముడు ఎక్కాడు. దారి పొడవునా చెరువులు, కట్టలు, కాలువలు వస్తూనే ఉన్నాయి. పాప ఫోను సంచిలోంచి తీయలేదు.

ఆ ఇంటివాళ్లు పొలంలో పట్టుపురుగులు మేపే షెడ్డులో ఉంటున్నారు. పురుగులు లేని తట్టల్ని గోడకు ఆనించి, ఆ సందులో పొయ్యి పెట్టుకున్నారు. పైన రేకులు. లోపల కాలు పెడితే ఒళ్లు కాలినట్టుంది. ఆ ఇంటి అవ్వ బయట రాతిమీద కూర్చుని ఉంది. పోయింది ఆమె మొగుడే. కోడలు నిండు చూలాలు, నడుముకు చెయ్యి ఆనించి తలుపు దగ్గర నిలబడింది. తల్లి లేని పిల్ల, కాన్పుకు పోవడానికి పుట్టిల్లు లేదు. అమావాస్య దాటితే గడువు తీరుతుంది, బిడ్డను సొంతింటికి తీసుకుపోవచ్చని ఎదురుచూస్తున్నారు. ఇప్పుడు నా కూతురు చేసిన పనికి ఆ పసిబిడ్డను కూడా ఈ రేకుల కిందికే తేవాలి.

తప్పయిందని చేతులు జోడించాను. నా పక్కన పాప కూడా జోడించింది. అప్పటికే ఇరుగుపొరుగు చేరారు. ఊరి పెద్దమనిషి ఒకాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"కంప తీస్తే తీసినారు. గడప దాటిందా లేదా, అది సెప్పండి. దాటింటే మళ్లా మొదట్నించి మూసిపెట్టాల్సిందే."

కోడలి నడుము మీది చెయ్యి కడుపు మీదికి వచ్చింది.

పాప నోరు తెరిచింది. అది నిజం చెప్పేస్తుందని నాకు తెలుసు. చిన్నప్పుడు అబద్ధం చెప్పిందని దాన్ని నోటి మీద కొట్టినదాన్ని నేనే.

"దాటలేదన్నా" అన్నాను, దాని కంటే ముందే. "కంప తీసి, వాకిట్లో నిలబడి ఫోటో తీసుకొనుండాది, అంతే. నువ్వే సూడు." తమ్ముడి ఫోనులో ఉన్న స్టేటస్ ఫోటో చూపించాను. లోపల తీసినవన్నీ పాప సంచిలో, నా మోచేతికి తగులుతూ ఉన్నాయి.

పెద్దమనిషి ఫోటో చూసి, నన్ను చూసి, అవ్వ వైపు తిరిగాడు. అవ్వ కూడా నన్నే చూసింది. అంత సేపు నా మొహాన్ని ఎవరూ చూసి ఉండరు. సిగ్గుతో చచ్చిపోయాను.

"దాటలేదంటాండాది కదప్పా" అంది అవ్వ చివరికి. "ఇన్నారు కదా అందరూ. ఆడబిడ్డ అంత దూరం నుంచి వచ్చి అబద్దం యాల సెప్తాది?"

కోడలు తలుపుకు ఆనుకుని అట్లాగే కిందికి కూర్చుండిపోయింది. మనుషులు ఒక్కొక్కరే కదిలారు. ఎవరో కంప మళ్లీ వేయడానికి పోయారు. మాకు మజ్జిగ ఇచ్చారు. అది కూడా తాగాను. పాప మాత్రం గ్లాసు ముట్టుకోలేదు. నా వైపు చూడనూ లేదు.

బస్సుకు బయల్దేరితే, వద్దన్నా వినకుండా అవ్వ రోడ్డు దాకా వచ్చింది. తమ్ముడు ముందు నడుస్తున్నాడు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, అవ్వ మా పాప చెయ్యి పట్టుకుంది.

"పాపా, నడింట్లో దూలానికి ఉయ్యాల కొక్కీ ఉండాల. సూసినావా?"

పాప నా వైపు చూసింది. నేను నేల చూపులు చూశాను.

"సూసినానవ్వా. ఉండాది."

"తుప్పు పట్టిండాదా?"

"లేదవ్వా. బాగానే ఉండాది."

అవ్వ దాని చెయ్యి వదిలి, నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా, షెడ్డు వైపు వెనక్కి నడిచింది.