ఎత్తుకుపోయిన ఫిరంగి

బంగారయ్యకు అసూయ పుట్టుకతో రాలేదు. అరవై అయిదు యుద్ధంలో, పంజాబులో ఒక కాలవ గట్టు మీద, చలిజ్వరం పట్టుకున్నట్టు పట్టుకుంది. యుద్ధం ముగిసింది గాని అది మాత్రం అతన్ని వదల్లేదు.

అప్పటికి బంగారయ్య ఫిరంగి దళంలో పాతకాపు. లారీ వెనక తగిలించి లాగే ఫిరంగి అతనిది. రోడ్డు ఉన్నంతవరకు లారీ లాగుతుంది. రోడ్డు అయిపోతే మనుషులు లాగాలి. ఆ రోజు గట్టు దిగువన చక్రం బురదలో దిగబడింది. బంగారయ్య భుజం పెట్టి నెడుతూ జారాడు, చక్రం అతని ఎడమకాలి మీదుగా పోయింది. వేళ్ళు నలిగిపోయాయి. కాలు పట్టుకుని గట్టు మీద కూర్చుని ఉండగా వెనకనుంచి భూమి అదిరేంత రొద వినిపించింది. చక్రాలకు బదులు ఇనప గొలుసు పట్టాల మీద నడిచే బళ్ళు వరసగా వస్తున్నాయి. ఒక్కో బండి మీద ఒక్కో ఫిరంగి. అందులో ఒక బండి డ్రైవరు తల బయటపెట్టి కేకేశాడు.

"ఏటి బావా, ఇంకా లాగుతూనే ఉన్నావా?"

వాడు ఢిల్లీరావు. ఉద్దానంలో సముద్రం ఒడ్డున మా పేటలో ఇద్దరివీ పక్కపక్క ఇళ్ళు. ఒకే పడవలో వేట నేర్చుకున్నారు, ఒకే రోజు పలాసలో రైలెక్కి పటాలానికి పోయారు. వరసకు బావలు కనక ఆ మాత్రం వేళాకోళం మామూలే. బంగారయ్యను మండించింది ఆ మాట కాదు. బండి దాటిపోతుంటే దాని మీది ఫిరంగిని చూశాడు. అది అచ్చం తన ఫిరంగే. అదే గొట్టం, అదే గుండు. చక్రాలూ, లారీకి తగిలించే తోకా పీకేసి ఎత్తి బండి మీద కూర్చోబెట్టారు, అంతే. తను భుజాలు అరగదీసుకుని ఈడుస్తున్నదాన్నే వాడు ఊరేగిస్తున్నాడు. ఇదెక్కడి న్యాయమని గట్టు మీద కూర్చునే కుళ్ళుకున్నాడు. గట్టు మీది దుమ్ము లేచి కళ్ళలో పడింది. నీళ్ళు కారాయి. అవి దుమ్ము వల్లేనని తర్వాత చాలామందికి చెప్పాడు. ఎవరూ అడక్కపోయినా చెప్పాడు.

కాలు పనికిరాదని ముందు బంగారయ్యనే ఇంటికి పంపేశారు. పలాస స్టేషనుకు అతని పెళ్ళాం గౌరి ఒక్కతే వచ్చి పెట్టె నెత్తినెత్తుకుని తీసుకెళ్ళింది. తర్వాత అరవై ఏడులో ఢిల్లీరావు దిగిన రోజున పేట పేటంతా డప్పులతో పలాస వెళ్ళింది. తనంతట తాను నడిచే ఫిరంగి ఉంటుందనీ, దాన్ని మనవాడే నడిపాడనీ అప్పటికే కథలు వచ్చేశాయి. ఆ రోజునుంచి వాడు నడిచే ఫిరంగి, ఇతను లాగుడు ఫిరంగి. ఆడవాళ్ళు చేపల గంపలు ఎత్తుకుని టెక్కలి సంతకు పోతూ దారిలో ఆ పేర్లే చెప్పుకుని నవ్వేవారు.

పేర్లయితే ఎలాగో మింగేవాడు. కాని ఏటా గంగమ్మ సంబరంలో మొదటి మోత మోగించేది బంగారయ్య వాళ్ళ ఇల్లు. ఒడ్డున ఇసకలో పాతిన ఇనప గొట్టంలో మందు కూరి వత్తి అంటిస్తారు. అది పేలి, ఆ మోత సముద్రం మీదికి పోయాకే అమ్మవారు గుడినుంచి కదులుతుంది. అతని తాత అంటించాడు, తండ్రి అంటించాడు. తండ్రి పోయాక, ఇతను పటాలంలో ఉన్నన్నాళ్ళు ఎవరో ఒకరు ఆ పని కానిచ్చేశారు. తిరిగి వచ్చాక కూడా కాలు మానేదాకా అలాగే సాగింది. మానాక అది తన చేతికే వస్తుందని బంగారయ్య ఎదురుచూశాడు. ఊరి పెద్ద సోములు మాత్రం అరవై ఎనిమిది సంబరానికి మోత ఢిల్లీరావు చేతి మీదుగానే అని ప్రకటించేశాడు. నడిచే ఫిరంగి పేల్చిన చెయ్యి కదా అన్నాడు. వాడు బండి నడిపాడేగాని ఫిరంగి పేల్చలేదని బంగారయ్యకు తెలుసు. చెబితే ఓర్వలేక అంటున్నాడంటారనీ తెలుసు.

దాంతో అతనికి అన్నం సయించలేదు. ఇంటి ముందు వల బాగుచేసుకుంటూ రోజూ ఇదే గొణుగుడు.

"ఆడిదేటే గొప్ప? మా ఫిరంగయితే తోక పట్టుకుని ఒక్కడు తిప్పితే నాలుగు దిక్కులకీ తిరుగుద్ది. ఆడిది కొంచెం పక్కకి కొట్టాలంటే బండి బండంతా తిప్పాల."

"అయితే నువ్వే గొప్పోడివి మావా. వల సూసి కట్టు, ముడి తప్పుతున్నావు" అనేది గౌరి.

"అసలది నా ఫిరంగేనే. ఎత్తికెళ్ళి బండి మీద ఎట్టీసుకున్నాడు."

అరుగు మీద జీడిగింజలు కొడుతున్న అతని తల్లి బొడ్డమ్మ చెవిలో ఈ మాట పడింది. ఆవిడకు చెవుడు లేదు, మతిమరుపు లేదు. ఉన్నదల్లా కొడుకు మాట మీద నమ్మకం. ఫిరంగి ఎలా ఉంటుందో ఆవిడ చూడలేదు. ఎత్తుకుపోవడం అంటే ఏమిటో మాత్రం బాగా తెలుసు. మా పేటలో కొట్టుకుపోయిన వల ఎవరికి దొరికినా, నలుగురి ముందూ రెండు చేతులా దాని సొంతదారుకు ఇచ్చి తీరాలి. ఇవ్వనివాడి పడవ సముద్రంలో దిగదు. ఇంతటి కట్టుబాటు ఉండగా, తన కొడుకు కాలు విరగ్గొట్టుకుని మోసిన ఫిరంగిని పక్కింటి కుర్రాడు కాజేస్తాడా? గింజలు అక్కడే వదిలేసి లేచింది.

సంబరానికి ముందు రోజు పడవల నీడలో పెద్దలు కూర్చుని ఉంటే బొడ్డమ్మ వెళ్ళి ఫిర్యాదు చేసింది. ఇద్దరికీ కబురు వెళ్ళింది. అక్కడికి వచ్చేదాకా బంగారయ్యకు సంగతేమిటో తెలియదు. తెలిశాక అతని మొహం మాడిపోయింది.

"నువ్వు ఇతగోడి ఫిరంగి ఎత్తుకెళ్ళినావంట. నిజమేనేటి?" అని సోములు ఢిల్లీరావును అడిగాడు.

నవ్వొచ్చే మాటే. కాని అక్కడ ఎవరూ నవ్వలేదు, వాళ్ళకు వల తగాదా ఎంతో ఇదీ అంతే. నోరు తెరవవలసినవాడు బంగారయ్య. ఫిరంగులు సర్కారువి, దానిలాంటివి వందలుంటాయి, నేను కడుపుమంటతో అన్న మాట అది అని చెప్పాలి. చెబితే పేట ముందు పరువు పోతుంది, మోత ఎటూ రాదు. చెప్పకపోతే పక్కింటివాడు దొంగ అవుతాడు. ఎడమకాలితో ఇసక గీస్తూ నిలబడ్డాడు.

ఢిల్లీరావు అతని మొహం వంక చూశాడు. తర్వాత కాలి వంక చూశాడు. కాలవ గట్టు మీద కేకేసిన రోజున ఆ కాలిని చూడలేదు వాడు.

"నిజమే పెద్దయ్యా" అన్నాడు. "ఫిరంగి బావదే. నేనే బండెక్కించుకున్నాను."

"ఎందుకురా?"

"లాగనేక. బావ లాగినట్టు లాగడం నా వల్ల కాదు."

బంగారయ్య గబుక్కున తలెత్తాడు. వాడు ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహమంతా వెతికాడు. కనపడలేదు. కనపడి ఉంటే బాగుండేది, కొట్టడానికైనా వీలుండేది.

"మరి ఆ ఫిరంగి ఇప్పుడెక్కడున్నాది?" అన్నాడు సోములు.

"సర్కారోడి కాడ."

సోములు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సర్కారోడి కాడుంటే మనం తేనేం. దాని వల్ల నీకు ఇక్కడేటొచ్చిందో అది ఇచ్చీ."

దాని వల్ల వచ్చింది మొదటి మోతే. ఢిల్లీరావు దానికి గుర్తుగా ఒక కొబ్బరికాయ తెప్పించి, రెండు చేతులా పట్టుకుని, నలుగురి ముందూ బంగారయ్య చేతిలో పెట్టాడు. బంగారయ్య పుచ్చుకున్నాడు. నిజం చెప్పడానికి అప్పటికీ వ్యవధి ఉంది. అతను చెప్పలేదు.

మర్నాడు బంగారయ్యే వత్తి అంటించాడు. మందు కూరడంలో, నిప్పు పెట్టడంలో చెయ్యి తిరిగినవాడు కదా, గొట్టం పేలితే ఒడ్డున కాకులన్నీ లేచిపోయాయి. నౌపడ ఉప్పు మళ్ళలో పనివాళ్ళకు కూడా వినపడిందని తర్వాత ఎవరో అన్నారు, అది నేను నమ్మను. అమ్మవారు గుడినుంచి కదిలింది. జనం మాత్రం వత్తి అంటించినవాడి చుట్టూ చేరలేదు. ఢిల్లీరావు చుట్టూ చేరారు. ఇచ్చేశాడు చూడు, నోటి ముందరి కూడు ఇచ్చేశాడు అని ఒకటే పొగడ్తలు. ఆ ఏడాదినుంచి దాని పేరే ఢిల్లీరావు ఇచ్చిన మోత. బంగారయ్య బతికినన్నాళ్ళూ ఏటేటా అంటించిన మోతకు ఆ పేరే ఉండిపోయింది.

సంబరం అయ్యాక పడవలు మళ్ళీ వేటకు దిగాయి. బంగారయ్య వలలో మొదటిరోజే చందువా చేపలు పడ్డాయి. బొడ్డమ్మ పులుసు పెట్టి, పెద్ద ముక్కలు ఏరి గిన్నెలో వేసి, మూత పెట్టుకుని గుమ్మం దిగింది.

"ఎక్కడికే అమ్మా?" అన్నాడు బంగారయ్య.

"ఢిల్లీరావు ఇంటికి. దొంగతనం సేత్తే సేసినాడు గానీ నలుగుర్లో ఒప్పుకున్నాడు, ఇచ్చీసినాడు. అంత మనసు ఈ పేటలో ఇంకెవుడికున్నాదిరా? నీకున్నాదా?"

బంగారయ్య గుమ్మంలోకి వచ్చాడు. గిన్నె కంచె దాటి పక్కింట్లోకి వెళ్ళేదాకా చూశాడు. అక్కడినుంచి ఢిల్లీరావు మాటా, తన తల్లి నవ్వూ వినిపించాయి. ఆవిడ తన ఇంట్లో అలా నవ్వి చాలాకాలమైంది.

"తోక ముక్కలే మిగిలినాయి, తింటావా మావా?" అంది గౌరి.

అతను కంచం ముందు కూర్చున్నాడు గాని చెయ్యి కడుక్కోలేదు.

"ఆ దొంగతనమైనా నేను సేసుంటే బాగుండునే గౌరీ" అన్నాడు.