సున్నం కొట్టిన గోడ

నా కుడిచేతికి మూడు వేళ్లే ఉన్నాయి. మిగతా రెండూ ఆర్మూరులో ఒక పసుపు సేటు షెడ్డులో పోయాయి. ఆ సేటును నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు. "పోనీలే, ఎవరి పాపాన వాళ్లే పోతారు" అని నాకు నీతులు చెప్పే వాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆయన పాపాన ఆయన పోయేదాకా గడప మీద కూర్చుని చూసే ఓపిక నాకెక్కడిది?

పాలిష్ డ్రమ్ము దగ్గర నా పని. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములను అందులో పోసి తిప్పితే పైపొట్టు రాలిపోయి నున్నగా మెరుస్తాయి. డ్రమ్మును తిప్పే బెల్టు మా మోచేతుల పక్కనే పరుగెత్తేది. దానికి అడ్డంగా ఇనుప జాలీ పెట్టించమని ఒకసారి అడిగాను.

"జాలీకి పైసలు నీ అయ్య ఇస్తడా?" అని నవ్వాడు సేటు.

ఒక ఎండాకాలం, మంచి సీజన్లో, కొమ్ములు పోస్తుంటే నా కొంగు బెల్టులో పడింది. లాక్కోబోయిన చేయి కూడా కొంగు వెంటే పోయింది. సేటు మనిషి నన్ను ఆటోలో తీసుకెళ్లి దవాఖాన గేటు దగ్గర దించి, "ఎవలో ఏమో, రోడ్డు మీద దొరికింది" అని చెప్పి జారుకున్నాడు. చేతికి కట్టు కడుతుంటే నర్సు ఆ మాట నాకు చెప్పింది. అప్పటికి నాకు పూర్తిగా తెలివి కూడా రాలేదు, కానీ ఆ మాట మాత్రం బాగా గుర్తుంది.

మా వీధిలో ఒక ముసలి వకీలు సాబ్ ఉన్నాడు. ఆయన దగ్గరికి పోయాను.

"పని మీదున్నప్పుడు దెబ్బ తాకితే మాలిక్ నష్టపరిహారం ఇయ్యాలె, కానూన్ గట్లనే ఉంది బేటీ. గని నువ్వు గాడ పనిచేసినట్టు జర రుజువు గావాలె" అన్నాడు.

రుజువు ఎక్కడిది? కూలి చేతికిచ్చేవాడు, మేం కొంగున కట్టుకునేవాళ్లం. వకీలు పంపిన నోటీసుకు సేటు జవాబు ఇచ్చాడు. నేను ఆయన పనిమనిషినే కాదట. పసుపు దొంగతనం చేయడానికి షెడ్డులోకి దూరి చేయి పోగొట్టుకున్నానట.

వేళ్లు పోయినప్పుడు ఏడ్చాను. ఈ మాట విన్నాక ఏడుపు రాలేదు, పళ్లు నూరాను. ఆ మాట ఊరంతా పాకింది. కిరాణా దుకాణంలో నా పక్కన నిలబడ్డ ఆమె తన సంచీని దగ్గరికి లాక్కుంది. ముప్కాల్ నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసి, "నిజమేనా వదినా?" అని అడిగింది. అప్పుడే నిర్ణయించుకున్నాను. పరిహారం వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఈ "దొంగ" అన్న మాటను మాత్రం ఆయన నోటితోనే వెనక్కి మింగించాలి.

నాతో పనిచేసిన ఆడవాళ్లు ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. జక్రాన్‌పల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే చెల్లె లాంటి పిల్ల కూడా, "నన్ను పనిల్నుంచి తీసేస్తడక్కా" అని తల దించుకుంది. నోట్లో మన్ను పడ, అని మనసులో తిట్టుకున్నాను.

అప్పుడు గోడ గుర్తొచ్చింది. ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. దసరాకు మిషన్ల పూజ అయ్యాక పనివాళ్లందరం అరచేతికి పసుపు ముద్ద పూసుకుని డ్రమ్ము వెనక గోడ మీద అచ్చు వేస్తాం. ఎవరి చోటు వాళ్లది. ఏటేటా అదే చోట వేసీ వేసీ ఆ అచ్చులు పెచ్చు కట్టి ఉంటాయి. స్విచ్చు బోర్డు పక్కది నాది. వకీలు సాబ్‌కు చెబితే ఆయన కళ్లు మెరిశాయి. లేబర్ ఆఫీసర్ వచ్చి షెడ్డు చూడాలని అర్జీ పెట్టాడు. ఆ ఆఫీసర్ మేడం వస్తానని రోజు చెప్పింది. ఆ సంగతి సేటుకూ తెలిసింది.

ముందురోజు సాయంత్రం జక్రాన్‌పల్లి పిల్ల ఫోన్ చేసింది.

"అక్కా, సేటు గోడకు సున్నం కొట్టిస్తుండు. నీ చెయ్యి ఆనవాలు గూడ ఉండదిగ."

"పెయింటా, సున్నమా?"

"సున్నమే. పెయింటు పిరం, గన్ని పైసలెందుకని రెండు బకీట్ల సున్నం కలిపిచ్చిండు."

దవాఖాన నుంచి వచ్చాక మొదటిసారి నవ్వాను. పెళ్లికూతురి కాళ్లకు పారాణి ఎలా కలుపుతాం? పసుపులో ఇంత సున్నం వేస్తాం, ఎర్రగా మారుతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పసుపు అమ్ముకుని బతికే మనిషి, నాలుగు డబ్బులు మిగులుతాయన్న ఆశలో ఆ సంగతే మరిచిపోయాడు. జాలీ దగ్గర నా వేళ్లు తీసిన పిసినారితనమే ఇప్పుడు ఆయన మెడకు చుట్టుకుంది.

తెల్లారి ఆఫీసర్ ముందు షట్టరు ఎత్తగానే తెల్లటి గోడ మీద ఎర్రటి అరచేతులు కనిపించాయి. సున్నం ఇంకా తడిగానే ఉంది. సేటు ముఖంలో నెత్తురు లేదు.

"పాత మరకలు మేడం. పండుగకు పోరగాండ్లు ఎవలో ఏసిండ్రు" అన్నాడు.

"నీ చేయి ఏది?" అని ఆఫీసర్ నన్ను అడిగింది.

నేరుగా స్విచ్చు బోర్డు దగ్గరికి నడిచాను. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే పక్కామె కొడవలి తగిలి నా చూపుడు వేలు కొస పక్కకు ఒరిగిపోయింది. గోడ మీది వేలూ అలాగే ఒరిగి ఉంది. చేయి పెట్టాను. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు సరిగ్గా కూర్చున్నాయి. మిగతా రెండు వేళ్లూ నా చేతి పక్కన ఎర్రగా, ఒంటరిగా మిగిలాయి.

ఆఫీసర్ గోడను ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. తర్వాత, "మిగతా చేతులు ఎవరివి?" అంది. పనివాళ్లంతా సేటు వైపు చూశారు. చివరికి జక్రాన్‌పల్లి పిల్ల ముందుకొచ్చి తన అచ్చు మీద చేయి పెట్టింది. దాని వెనక ఒక్కొక్కరే వచ్చారు. వాళ్ల మీద నా కోపం అప్పుడు సగం తగ్గింది, మిగతా సగం ఇప్పటికీ అలాగే ఉంది.

ఆఫీసర్ నాకు పరిహారం ఇప్పించింది. బెల్టుకు జాలీ కూడా పెట్టించింది. దొంగ అన్నందుకు వేరే కేసు వేయవచ్చని వకీలు సాబ్ అనేసరికి సేటు పెద్దమనుషులను వెంటబెట్టుకుని రాజీకి వచ్చాడు. నేను నా షరతు చెప్పాను.

"గిది కానూన్ల లేదు బేటీ" అన్నాడు వకీలు సాబ్.

"కానూన్ల లేకుంటేంది సాబ్, నా కడుపుల ఉంది."

ఆ దసరాకు షెడ్డుకు వెళ్లాను. పూజకని మిషన్లన్నీ ఆపి ఉన్నాయి, ఈగ ఎగిరినా వినపడుతుంది. సేటు పసుపు పళ్లెం పట్టుకుని అందరి ముందూ నిలబడి, నేల చూపులు చూస్తూ అన్నాడు: "ఈమె దొంగ గాదు. నా తాన్నే పనిచేసింది. నేను అబద్ధం చెప్పిన."

"ఇనవడలే సేటూ. ఇంకోపారి చెప్పు" అన్నాను.

మళ్లీ చెప్పాడు. ఆ రెండోసారి విన్నప్పుడు నాకు కలిగిన సుఖం పరిహారం చెక్కు చూసినప్పుడు కూడా కలగలేదు. పళ్లెంలో చేయి ముంచి, అయిదు వేళ్ల పాత అచ్చు కిందే మూడు వేళ్ల కొత్త అచ్చు వేశాను. ఆ గోడ ఆయన కుర్చీకి ఎదురుగానే ఉంటుంది. రోజూ పొద్దున వచ్చి కూర్చోగానే అదే కనిపిస్తుంది.

బయటికి వస్తూ గుమ్మం దగ్గర ఆగాను.

"మళ్ల సున్నమే కొట్టియ్యి సేటూ. పెయింటు పిరం."