పసుపు గణపతి కింద నా గ్రామర్ నోట్‌బుక్

డైరీకి తాళం అక్కర్లేదని డిగ్రీ హాస్టల్లో నేర్చుకున్నాను. అట్ట మీద ‘డైరీ’ అని రాసి ఉన్నన్నాళ్ళూ దాన్ని దిండు కింద దాచినా, పెట్టె అడుగున దాచినా రూమ్మేట్లు పట్టుకుని చదివారు. రెండో ఏడాది కొత్త నోట్‌బుక్ కొని, అట్ట మీద పెద్దక్షరాలతో ‘ఇంగ్లీష్ గ్రామర్: ఫ్రేజులు, క్లాజులు’ అని రాసి బల్ల మీదే పడేశాను. డిగ్రీ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోలేదు. ఒకమ్మాయి మాత్రం దాని మీద టీ గ్లాసు పెట్టుకునేది.

ఈస్ట్ హామ్‌లో ఆంటీ వాళ్ళింట్లో చిన్నగది అద్దెకు తీసుకున్నప్పుడు కూడా అదే పద్ధతి. ఆ పేరు పూర్తిగా అబద్ధం కాదు. క్రోయిడన్‌లో నాది ఫారాలు సరిచూసే ఉద్యోగం. పొద్దున ఆఫీసులో వాళ్ళు ‘యూ ఆల్‌రైట్?’ అంటారు, నేను జవాబు కూడబలుక్కునేలోపు కెటిల్ దగ్గరికి వెళ్ళిపోతారు. మాట్లాడని మనిషి దగ్గర ఇతరుల వాక్యాలు చాలా మిగిలిపోతాయి. ఇంటికొచ్చి వాటిని నోట్‌బుక్‌లో రాసుకుని, ఇది ఫ్రేజు, ఇది క్లాజు అని విడదీసేదాన్ని. కూరగాయలు తరిగినట్టు, అదో నెమ్మది.

ఆంటీది బెజవాడ. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నారు, ఫార్మసీలో పని. అంకుల్ ఉద్యోగం కేంబ్రిడ్జ్‌లో, వారాంతాలకే వస్తారు. మిగతా ఐదు రోజులూ ఆంటీ మాటలన్నీ నావే. మొదటిసారి లండన్ వచ్చినప్పుడు ఆవిడ గ్రైండర్ రాయిని పట్టుచీరల మధ్య చుట్టి తెచ్చారట, ఎయిర్‌పోర్టులో ఆపారట. “రాయి ఎందుకని వాళ్ళు అడిగితే, నేను చెప్పబోతుంటే, మీ అంకులేమో బయట ఉన్నారు కాబట్టి, ఆ చీరేమో మా పెద్దమ్మ పెట్టింది కదా, ఆ పెద్దమ్మ పెళ్ళిలో అయితే...” అంటూ కథ పెద్దమ్మ పెళ్ళిలోకి వెళ్ళిపోయేది. ఏడు నెలలు విన్నాను. గ్రైండర్ రాయి ఏమైందో తెలియలేదు.

ఆ ఇంట్లో మూడో మనిషి ఆంటీ కూతురు. పదేళ్ళు, ఇయర్ సిక్స్. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ అచ్చం ఈస్ట్ లండన్ యాసలో. బస్సు డ్రైవరుతో వాదించగలదు. అలాంటి పిల్ల సెప్టెంబరులో ఒకరోజు గ్రామర్ వర్క్‌బుక్ పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది.

“అక్కా, వాట్ ఈవెన్ ఈజ్ ఎ సబార్డినేట్ క్లాజ్?”

ఇంగ్లీషు మాట్లాడటం తప్ప ఇంకేమీ రాని పిల్లకి, ఇంగ్లీషు మాట్లాడటం తప్ప అన్నీ వచ్చిన నేను టీచరునయ్యాను. ఫ్రిజ్ తెరిచి మొదలుపెట్టాను.

“ఫ్రిజ్‌లో, వెనక అరలో, ఉప్మా గిన్నె పక్కన. ఇది ఫ్రేజు. ఇలా ఎంతసేపైనా చెప్పుకుంటూ పోవచ్చు, ఏమీ జరగదు. ‘అమ్మ చాక్లెట్ దాచింది.’ ఇప్పుడు జరిగింది. చేసిన మనిషి ఉంది, చేసిన పని ఉంది. ఇది క్లాజు.”

“అండ్ సబార్డినేట్?”

“‘అమ్మ ఫార్మసీ నుంచి వచ్చేలోపల...’”

ఆ పిల్ల కాసేపు ఎదురుచూసింది. “వచ్చేలోపల వాట్?”

“అదే. ‘వాట్’ అని నీకు అనిపించింది కదా? ఒంటరిగా నిలబడలేదు. దానికి ఇంకో క్లాజు తోడు కావాలి.”

“సో అమ్మ టాక్స్ ఓన్లీ ఇన్ దోజ్,” అంది. నేను నవ్వు ఆపుకోలేకపోయాను.

దీనికి బదులుగా ఆ పిల్ల ఒకటి అడిగింది. బెజవాడ నుంచి నానమ్మ పెట్టే మెసేజ్‌లు తెలుగు అక్షరాల్లో ఉంటాయట, వాటిని తనే చదువుకోవాలట. “డోంట్ టెల్ మమ్. షీ విల్ మేక్ మీ పర్ఫార్మ్.” అలా ఆవకాయ సీసాల మీది పేర్లతో మొదలుపెట్టి, నెల తిరిగేసరికి ఒత్తులతో సహా కూడబలుక్కుని చదవడం వచ్చేసింది. ఈ విషయం మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు.

దసరా వచ్చింది. బెజవాడవాళ్ళకి మూలా నక్షత్రమంటే మాటలు కాదు. ఆ బుధవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి హాలంతా సాంబ్రాణి పొగ. స్మోక్ అలారం మోగకుండా ఆంటీ దానికి షవర్ క్యాప్ తొడిగారు. మూల చిన్న టేబుల్ మీద సరస్వతి పటం. దాని ముందు పుస్తకాల దొంతర, దొంతర మీద పళ్ళెం, పళ్ళెంలో తమలపాకు, ఆకు మీద పసుపు గణపతి.

“శుక్రవారం దీనికి గ్రామర్ టెస్ట్ కదమ్మా,” అన్నారు ఆంటీ, “అందుకని ఇంట్లో ఉన్న గ్రామర్ పుస్తకాలన్నీ పెట్టేశాను. నీ బల్ల మీద కూడా ఒకటుంటే...”

దొంతర అడుగున నా నోట్‌బుక్. బయటికి కనబడుతున్న అట్ట మూలలకి పసుపు, మధ్యలో కుంకుమ బొట్టు కూడా పెట్టే ఉంటారు.

“ఆంటీ, అది... నాకు రాత్రికి కావాలి.”

“అమ్మో, దశమి దాకా కదపకూడదు! మా పుట్టింట్లో పూజలో పెట్టిన పుస్తకం కదిపితే చదువు కదిలిపోతుందంటారు. స్వామికి ఉద్వాసన చెప్పాకే తియ్యాలి. శనివారం పేరంటాళ్ళు వచ్చాక, దీనిచేత ఒక పుస్తకంలోంచి మూడు వాక్యాలు చదివించి...”

ఆ నోట్‌బుక్‌లో ఏడు నెలల ఆంటీ ఉన్నారు. ఆవిడ మాటలు, ఆవిడ వంటలు, అన్నీ ముక్కలు చేసి, పక్కన నా అభిప్రాయాలతో సహా. ఈ ఊళ్ళో నాకున్న మనుషులు ఈ ఇద్దరే. అది చదివితే ఆవిడ నన్ను గది ఖాళీ చెయ్యమనకపోవచ్చు. కానీ నాతో మాట్లాడటం మానేస్తారు. అంతకంటే ఖాళీ గది ఇంకేముంటుంది?

గురువారం పొద్దున ఆంటీ ఫార్మసీకి వెళ్ళగానే పూజ దగ్గరికి వెళ్ళాను. రెండు చేతులతో పళ్ళెం ఎత్తి, మోకాలితో పుస్తకాల దొంతర ఆపి, అడుగున ఉన్నదాన్ని కాలి బొటనవేలితో లాగడానికి... కాదు, సరస్వతిని కాలితో తాకకూడదు. పళ్ళెం ఎత్తుకుని అలాగే నిలబడిపోయాను.

“అక్కా, ఆర్ యూ రాబింగ్ గాడ్?”

గుమ్మంలో టూత్‌బ్రష్‌తో ఆ పిల్ల. ఉలిక్కిపడితే పళ్ళెం వంగింది, తమలపాకు జారింది, గణపతి పళ్ళెం అంచుదాకా ప్రయాణం చేసి ఆగాడు.

“యూ మూవ్డ్ హిమ్. మమ్ విల్ నో.”

ఎక్కడివక్కడ పెట్టేశాను, నేననుకున్నంతవరకు. సాయంత్రం ఆంటీ దీపం పెడుతూ ఆగిపోయారు. “స్వామి పక్కకి జరిగాడేంటే?” ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. “మన పూజ అందిందన్నమాట!” వెంటనే ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. ‘స్వామి స్వయంగా కదిలారు.’ అరగంటలో బెజవాడ నుంచి దండాలు రావడం మొదలైంది.

వర్క్‌బుక్ కూడా దేవుడి కిందే ఉండిపోయింది కాబట్టి టెస్ట్‌కి చదువు అంతా నోటితోనే సాగింది. శుక్రవారం ఆ పిల్ల స్కూలు నుంచి వచ్చి చెప్పింది, ఫ్రేజుకి ఉదాహరణ అడిగితే ‘ఫ్రిజ్‌లో, ఉప్మా వెనక’ అని ఇంగ్లీషులో రాసిందట. టీచరు వచ్చి ఉప్మా అంటే ఏమిటని అడిగిందట.

శనివారం పదకొండింటికి పేరంటాళ్ళు వచ్చారు. ఎనిమిది మంది ఆంటీలు, గుమ్మం బయట పదహారు చెప్పులు, లోపల సాక్సుల మీద పట్టుచీరలు. ఆంటీ గణపతిని మర్యాదగా మరికాస్త జరిపి ఉద్వాసన చెప్పారు. అందరి చేతుల్లోనూ పులిహోర ప్లేట్లు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి, పుస్తకాలు చేతికందగానే నాది లాక్కోవాలని చూస్తున్నాను.

“ఏదో ఒకటి తియ్యవే. మూడు వాక్యాలు చదువు.”

ఆ పిల్ల వర్క్‌బుక్ పక్కన పెట్టి, అడుగునున్నది తీసింది. మధ్యలో తెరిచింది.

“అందులో తెలుగుందేంటి?” అన్నారు ఆంటీ నా వైపు తిరిగి.

“నోట్సు ఆంటీ,” అన్నాను. “తెలుగులో... వివరణ.”

“అయితే దీనికి రాదు కదా. నువ్వే చదివేస్తే...”

నేను చెయ్యి చాపాను. ఆ పిల్ల ఇవ్వలేదు. “ఐ కెన్ డూ ఇట్,” అంది. వేలు పెట్టి, ఆవకాయ సీసా మీద చదివినట్టే మొదలుపెట్టింది.

“ఆం...టీ మా...టల్లో... అన్నీ... ఉప...వా...క్యాలే.”

ఎవరి చెంచా కదల్లేదు. ఆ పిల్ల తల ఎత్తి నా వైపు చూసింది. ఏం చదివిందో తనకి అర్థమైపోయింది. ఆపుతుందనుకున్నాను.

“ప్రధా...న వాక్యం... నా...కింత...వరకు... కన...బడలేదు. ఆ...విడ పులి...హోరకీ... ఇదే జ...బ్బు, పు...లుపు మొదల...వు...తుంది గానీ... ఎక్కడి...కీ చేరదు.”

మూడు వాక్యాలు అయ్యాయి. నోట్‌బుక్ మూసేసింది. నేను కళ్ళు మూసుకున్నాను.

చప్పట్లు వినబడ్డాయి.

కళ్ళు తెరిచేసరికి ఆంటీ ఏడుస్తున్నారు. ఒక చేత్తో కొంగు, ఇంకో చేత్తో ఫోను. మొత్తం వీడియో తీశారు. “విన్నారా! ఉపవాక్యం అందండీ! బస్సు బోర్డు మీద కూడా తెలుగు అక్షరం కనబడని ఊళ్ళో పుట్టింది, ప్రధాన వాక్యం అందండీ!”

“ఒత్తులు కూడా పలికిందమ్మా,” అన్నారు ఒకావిడ, పులిహోర నములుతూ. “మావాడు వాడి పేరు కూడా రాయలేడు.”

“ఎవరు నేర్పారే?” అని ఆంటీ కూతుర్ని అడిగారు.

ఆ పిల్ల నన్ను చూపించింది. ఎనిమిది మంది ఆంటీలు లేచి నా చుట్టూ మూగారు. ఒకావిడ తన ఇద్దరు పిల్లల్ని ఆదివారం పంపుతానంది. ఒకావిడ నా నుదుట బొట్టు పెట్టింది, నా నోట్‌బుక్‌కి పెట్టినట్టే. ఆంటీ నా చేతిలో తాంబూలం, జాకెట్టు ముక్క పెట్టి కళ్ళు తుడుచుకున్నారు. ఒకర్ని తిట్టి వాళ్ళ చేత్తోనే తాంబూలం అందుకున్నది నేనొక్కదాన్నేనేమో. వీడియో అప్పటికే ఫ్యామిలీ గ్రూపులో ఉంది.

మధ్యాహ్నం అంట్లు తోముతుంటే హాల్లో ఆంటీ ఫోను మోగింది. నానమ్మ వాయిస్ మెసేజ్. ఆవిడకి కాస్త చెవుడు కాబట్టి అందరికీ ఉన్నదనుకుని గట్టిగా మాట్లాడతారు.

“పిల్ల బంగారంలాగా చదివిందమ్మాయ్! రాసినవాళ్ళెవరో గానీ ఇంకా బాగా రాశారు. పులిహోర సంగతి నేను నీ పెళ్ళైన కొత్తలోనే చెప్పాను, విన్నావా?”

తర్వాత హాల్లో అదే వీడియో మళ్ళీ మొదలైంది. ఆం...టీ మా...టల్లో. ఆగింది. మళ్ళీ మొదలైంది. మూడోసారి అయ్యాక మళ్ళీ మొదలవలేదు. షవర్ క్యాప్ లోపల అలారం పచ్చలైటు మాత్రం వెలుగుతోంది. నేను తోమిన గిన్నెనే మళ్ళీ తోముతున్నాను.

ఆంటీ వంటింటి గుమ్మంలోకి వచ్చారు. చేతిలో నా నోట్‌బుక్, వేలు ఆ పేజీలో. నేను కుళాయి కట్టేశాను.

“నాలుగో వాక్యం నువ్వు చదువు,” అన్నారు.

ఏడు నెలల్లో ఆవిడ నాతో ఒక్క వాక్యం చెప్పి అక్కడితో ఆగడం అదే మొదటిసారి. అది పూర్తయిందని నమ్మలేక ఇంకేమైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. చేతులు తుడుచుకుని నోట్‌బుక్ తీసుకున్నాను. ఆఫీసులో అయితే నా పేరు చెప్పడానికే గొంతు పెగలదు. ఆ పిల్ల సోఫా వెనక నుంచి చూస్తోంది. చదివాను, పెద్దగానే.

“‘అయినా, రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా ట్రామ్, రైలు, ట్యూబ్ మారి వచ్చేటప్పుడు, నిన్న ఆవిడ కథ ఎక్కడ ఆపారో ఇవాళ అక్కడినుంచే మొదలుపెడతారని గుర్తొస్తుంది కాబట్టి, ఈ ఇంటికే రావాలనిపిస్తుంది.’”

ఆంటీ నా చేతిలోంచి నోట్‌బుక్ తీసుకుని, మూసి, అట్ట మీది కుంకుమ చెదిరిన చోట వేలితో సరిచేశారు. తిరిగి నాకే ఇచ్చారు.

“పులిహోరలో చింతపండు తక్కువైంది నిజమే,” అన్నారు. “కానీ ఎందుకు తక్కువైందంటే, ఆ రోజు షాపుకెళ్తే, ఆ షాపతనేమో రూఢిగా కొత్త చింతపండే అన్నాడు కాబట్టి, మరి నేను నానబెట్టి చూసేసరికి...”

స్టూలు లాక్కుని కూర్చున్నారు. చింతపండు నుంచి బెజవాడకి, బెజవాడ నుంచి పెద్దమ్మ పెళ్ళికి, అక్కడి నుంచి పట్టుచీరకి వెళ్ళారు. చీరలోంచి గ్రైండర్ రాయి బయటపడింది. నేను గిన్నె పట్టుకుని దగ్గరికి జరిగాను.

“ఆ తెల్ల ఆఫీసరు రాయిని రెండు చేతులతో ఎత్తి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా వంక చూసి ఏమన్నాడో తెలుసా, నేనప్పుడేమో...”

తలుపు బెల్లు మోగింది. పొద్దున పిల్లల్ని పంపుతానన్న ఆవిడ, ఆదివారం దాకా ఆగలేక ఇద్దరినీ ఇవాళే తీసుకొచ్చేసింది.