కత్తి చేతిలో ఉన్నంతసేపు

మా ఇస్త్రీ కొట్టు పక్కన సెలూన్ నడిపే అతన్ని వీధంతా చిటపట అంటుంది. ముక్కు మీద కోపం. సెలూన్‌లో ఉన్నంతసేపు మాత్రం పిల్లిలా ఉండేవాడు. ఆ కోపమంతా మూటగట్టుకుని ఇంటికి పట్టుకెళ్లేవాడు. కూరలో ఉప్పు తగ్గితే కంచం గాల్లోకి లేచేది. ఒకరోజు విసిరిన గ్లాసు కూతురి నుదుటికి తగిలింది. మర్నాడే భార్య పిల్లను తీసుకుని అన్నగారింటికి వెళ్లిపోయింది. కోపం చంపుకున్న రోజున వస్తానని కబురు చేసింది.

ఇతను ప్రయత్నించలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చన్నీళ్లు తాగాడు, అంకెలు లెక్కపెట్టాడు, నోట్లో గుడ్డ కుక్కుకుని కూడా చూశాడు. ఏదీ పనిచేయలేదు. ఒకనాడు గడ్డం గీయించుకుంటూ ఒక పెద్దమనిషి అతన్ని నానా మాటలూ అన్నాడు. ఇతను కిక్కురుమనలేదు. ఎలా ఓర్చుకున్నావని తర్వాత అడిగాను.

"చేతిలో కత్తి ఉంటే నాకు కోపం రాదన్నా. అవతలివాడి గొంతు నా చేతిలో ఉంటుంది కదా. ఒళ్లు దానంతటదే చల్లబడిపోతుంది," అన్నాడు.

అనేశాక తన మాటకు తనే ఉలిక్కిపడ్డాడు. ఆ రోజు నుంచి మడత కత్తి చొక్కా జేబులోకి చేరింది. ఒళ్లు మండినప్పుడల్లా గోడవైపు తిరిగి, ఎవరికీ కనపడకుండా కత్తి తెరిచి పట్టుకునేవాడు. ఊపిరి నెమ్మదించేది. ఇంటి యజమాని నీళ్లు కట్టేసినా పల్లెత్తు మాట అనలేదు. వీధి ముక్కున వేలేసుకుంది. నాకైతే ముచ్చటేసింది.

ఆ సంగతి అన్నగారింటికీ చేరింది. భార్య రమ్మని కబురు పెడితే తోడుగా నేనూ వెళ్లాను. గుమ్మం దగ్గర సంచీ సర్ది ఉంది. కూతురు చెప్పులు కూడా వేసుకుని తండ్రి పక్కకు వచ్చి నిలబడింది. ఇక బయల్దేరడమే అనుకున్నాను. కానీ ఆమె అన్నగారి నోరు ఊరుకోదు. ఒంటరిగా వండుకు తినలేక వచ్చాడని, నాలుగు రోజుల్లో మళ్లీ మొదటికే వస్తాడని ఎత్తిపొడుస్తూనే ఉన్నాడు. చిటపట చెవులు ఎర్రబడ్డాయి. కోపం వచ్చేస్తోందని అతనికి తెలిసింది, రానివ్వకూడదనుకున్నాడు. జేబులోంచి కత్తి తీసి తెరిచాడు. గోడవైపు తిరగడం మరిచిపోయాడు.

నేను అతని ముఖం చూశాను, ప్రశాంతంగా ఉంది. మిగతావాళ్లు కత్తిని చూశారు. తల్లి పిల్లను లోపలికి లాక్కుంది, లోపల గడియ పడింది. మూసిన తలుపుకే ఇతను మెల్లగా చెప్పుకున్నాడు.

"నాకు కోపం రాలేదే. ఒక్క మాటైనా అన్నానా?"

కొన్నాళ్లకు నేనొక్కడినే వెళ్లి, కిటికీ దగ్గర నిలబడి ఆమెకు ఉన్నదంతా విడమరిచి చెప్పాను. ఓపికగా విన్నది. పాపం, నమ్మింది కూడా.

"సరే అన్నయ్యా. మరి ఆ కత్తి జేబులో పెట్టుకోవడం మానేశారా?" అని అడిగింది.

వస్తానమ్మా అని వెనుదిరిగాను. మానేసి చూశాడు. ఆ సాయంత్రమే, కత్తి సొరుగులో పెట్టి కొట్టు కట్టేసే వేళ, సెలూన్ అద్దం పగిలింది.