దిబ్బ ఎటు నడిస్తే అటు

మా పిట్టలదిబ్బకు వెళ్ళాలంటే నిరుడు చూసొచ్చినవాణ్ని దారి అడగకండి. నిరుడున్న చోట అది ఉండదు. భోగాపురానికి ఈవల, మా ఏరు సముద్రంలో కలిసే మొగలో, ఒక పక్క ఉప్పునీళ్ళూ ఒక పక్క ఏటినీళ్ళూ తగులుతూ పడుకున్న ఇసుక దిబ్బ అది. దక్షిణపు గాలికి అలలు దాని తోక కొరుకుతాయి. ఆ ఇసుకనే మోసుకెళ్ళి ఉత్తరాన తల దగ్గర పోస్తాయి. అలా ఏటా కాస్త జరుగుతుంది. మా తాతల కాలంలో దాని మీద నాలుగు గుడిసెలూ ఒక నుయ్యీ ఉండేవట. ఆ నూతి వర ఇప్పుడు బాగా ఆటు పట్టి సముద్రం వెనక్కి తగ్గిన రోజున, దిబ్బకు ఎంతో దూరంలో, నీళ్ళలో తేలి కనిపిస్తుంది.

ఆ నుయ్యి తవ్విన ఇంటి కోడలు జగ్గమ్మ. నాకు పిన్ని వరస. ఊళ్ళో సగం మంది ఆవిణ్ని గయ్యాళి అంటారు. నాకు మాత్రం ఆవిడ నోరంటే ఇష్టం. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో నేను రెండు పక్షాలా మాట్లాడను.

పొద్దున్నే ఒడ్డున వేలంపాటలో చేపలు కొని, గంపతో ఆటో ఎక్కి నెల్లిమర్ల వెళ్ళి, మిల్లు దగ్గరి వీధుల్లో అమ్ముకొస్తుంది. అది ఆవిడ బతుకుతెరువు. ఆవిడ హక్కు ఇంకొకటుంది. దిబ్బ మీది అమ్మోరు, దిబ్బమ్మ, పసుపు పూసిన ఉత్త గుండ్రాయి. కన్నూ ముక్కూ ఏమీ లేవు. వానాకాలమంతా ఇంట్లో ఉంచి, ఏటా తుఫాన్లు వెళ్ళిపోయి మార్గశిరం వచ్చాక, ఆ ఇంటి ఆడమనిషి ఆ రాయిని చంటిపిల్లలా చంకనెత్తుకుని పడవ దిగాలి. ఇసుకలో మడమ దిగబడని చోటు దాకా, ఊదాపూల తీగ అల్లుకుని నేల గట్టిపడ్డ చోటు దాకా నడిచి అక్కడ దింపాలి. సాయంత్రానికి తాటాకు పందిరి లేస్తుంది. ఆ ఏడాదికి అదే సరిహద్దు. అమ్మోరికి అవతల, సముద్రం వైపు ఎవరూ వల లాగకూడదు, చేపలు ఎండబెట్టకూడదు. అటుపక్కంతా ఇసుక తవ్వి గుడ్లు పెట్టే తాబేళ్ళది, ఎండలు ముదిరాక గూడూ గీడూ లేకుండా ఉత్త ఇసుక మీదే గుడ్లు పెట్టే తెల్లపిట్టలది. ఇటుపక్క మనుషులది.

ఈ ఏర్పాటు జగ్గమ్మ మరిది తిరుమలరావుకు నామోషీ అనిపించింది. ఆయన ఊరి కమిటీ పెద్ద. విమానాశ్రయం పనులు మొదలయ్యాక ఆయన మాట తీరే మారింది.

"రేపు విమానాలు దిగితే ఎక్కడెక్కడి జనమో వస్తారు. మనమ్మోరు ఏటేటా సంసారం మార్చుకుంటాదని సెప్తే నవ్వరేటి?" అన్నాడు.

దిబ్బకు దక్షిణం కొసన, అప్పటికి అన్నిటికన్నా ఎత్తున్న చోట, సిమెంటు గుడి కట్టించాడు. గులాబీ రంగు, స్టీలు రెయిలింగు, గోడకు పాలరాతి పలక. పలక మీద తిరుమలరావు పేరు అమ్మోరి పేరు కన్నా పెద్ద అక్షరాల్లో ఉంది.

ప్రతిష్ఠ రోజున డప్పులు మోగుతున్నాయి, పంతులుగారు ముహూర్తం దాటిపోతోందని కంగారుపడుతున్నారు. జగ్గమ్మ ఖాళీ చేతులతో పడవ దిగింది.

"అమ్మోరేదీ, వదినా?" అన్నాడు తిరుమలరావు.

"ఇంటికాడుంది."

"బేగి తే మరి!"

"తేను. నడిసే అమ్మోరిని కట్టీసి ఉంచుతావేటి? నీ గుడి మొదటి తుఫానుకే కూలిపోతాది, సూస్కో."

అంత మంది ముందు ఆ మాట! కమిటీ ఊరుకుంటుందా? విజయనగరం నుంచి కళ్ళూ ముక్కూ ఉన్న కొత్త విగ్రహం తెప్పించారు. మళ్ళీ ఎవరూ కదపకుండా పాదాల దాకా సిమెంటు పోసి బిగించారు. జగ్గమ్మను ఒడ్డున పాటలోకి రానివ్వలేదు. ఆవిడ పక్క ఊరి ఒడ్డుకు ఇసుకలో పడి నడిచి, అక్కడ మిగిలిన చేపలు కొని, ఆలస్యంగా నెల్లిమర్ల చేరేది. వాడుక ఇళ్ళవాళ్ళు అప్పటికే కొనేసుకునేవారు. మోకాళ్ళు వాచిపోయాయి. తప్పయిందని ఒక్క మాట అనేయి పిన్నీ అంటే, "మోకాళ్ళు నాయి, నొప్పి నాది. నీకేటే?" అని నన్ను కసిరింది.

మార్గశిరం రాగానే మాత్రం ఆ వాచిన కాళ్ళతోనే, రాయిని చంకనేసుకుని, ఒక్కతీ దిబ్బ మీద దిగేది. పందిరి తనే వేసుకునేది.

తుఫాను వచ్చింది. ఊళ్ళో ఇళ్ళ పైకప్పులు ఎగిరిపోయాయి. గులాబీ గుడి చెక్కు చెదరలేదు. ఊరంతా జగ్గమ్మను చూసి నవ్వింది. ఆవిడ చెప్పింది తప్పే. ఇంకా గట్టి తుఫాను వచ్చినా కూలలేదు.

గుడి కదల్లేదు. దిబ్బ కదిలింది. ఏటికేడాది తోక తరుగుతూ వచ్చి, నిరుటి వానలు తగ్గేసరికి గుడి నడుంలోతు నీళ్ళలో ఒంటరిగా నిలబడి ఉంది. మెట్లకు నత్తచిప్పలు పట్టాయి. పోటు వస్తే అమ్మోరి మెడ దాకా నీళ్ళు. తిరుమలరావు దీపం పెట్టడానికి లుంగీ నెత్తిన చుట్టుకుని ఈదుకుంటూ వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. నవ్వొచ్చింది, జాలి కూడా వేసింది.

మార్గశిరంలో ఆయనే జగ్గమ్మ గుమ్మంలోకి వచ్చాడు. "వదినా, ఆ తల్లిని కూడా నువ్వే ఎత్తుకురా," అన్నాడు తల దించుకుని.

"నాను ఎత్తను. పద, సూస్తాను."

ఆటు చూసుకుని వెళ్ళాం. తిరుమలరావూ ఇంకో ఇద్దరూ గునపాలతో సిమెంటు కొట్టారు. అది అంత తేలిగ్గా వదులుతుందా? ఆఖరి దెబ్బకు విగ్రహం చీలమండల దగ్గర విరిగి ఊడొచ్చింది. పాదాలు సిమెంటులో ఉండిపోయాయి.

"ఇరిగిన బొమ్మకి పూజ సెయ్యకూడదు. గంగలో ఒగ్గీడమే," అని గొణిగాడు తిరుమలరావు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జగ్గమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నీళ్ళలోకి దిగింది. "ఎవులు సెప్పినారు కూడదని? నా రాయికి మొహమే లేదు, తాతల కాడి నుంచి మొక్కడం లేదేటి? ఎత్తుకో!"

"నానా? మగోణ్ని, నాకెక్కడి ఆచారం?"

"కాళ్ళు నువ్వే తీసీనావు. ఇంక ఆ తల్లికి కాళ్ళు నువ్వే. ఏటేటా నువ్వే మొయ్యాల. ఎత్తుకో, చంకన!"

ఆయన ఎత్తుకున్నాడు. ముందు జగ్గమ్మ గుండ్రాయితో కుంటుకుంటూ, వెనక తిరుమలరావు పాదాల్లేని తల్లితో. ఉత్తరపు కొస వైపు నడిచారు. దారిలో ఆయన ఇక్కడ దింపేదా అని అడిగాడు.

"మడమ దిగతన్నాదా?"

"దిగతన్నాది."

"అయితే నడు," అంది జగ్గమ్మ, వెనక్కి తిరిగి చూడకుండా.