బావగారి మెట్ల లైటు

రోజూ సాయంత్రం ఆరున్నరకు మా వంటింట్లో ఒక తిట్టు, వెంటనే టక్కుమని ఒక చప్పుడు వినిపించేవి. తిట్టు మా ఆయనది, చప్పుడు స్విచ్చిది. ఇప్పుడు ఆ వేళకు కుక్కరు కూత తప్ప ఏమీ లేదు. ఆయన పోయి పందొమ్మిది రోజులు.

మా ఆయన ఎలక్ట్రీషియన్. పై వాటాలో ఉండే బావగారు, అంటే ఆయన సొంత అన్నయ్య, దర్జీ. చర్చిలో పాట ఎత్తుకునేది కూడా ఆయనే. పదకొండేళ్ల కిందట పాట మధ్యలో ఆపి, అందరి ముందూ తమ్ముడితో, "నువ్వు ఊరికే పెదాలు కదుపు చాలు. దేవుడికి నీ మనసు తెలుసు, నీ గొంతు కూడా తెలియాలా?" అన్నారు. అంతే, అన్నదమ్ములిద్దరికీ మాటలు ఆగిపోయాయి. అప్పట్నుంచి మా ఆయన చివరి బెంచీలో కూర్చుని ఇంకా గట్టిగా పాడేవారు.

ఆ వారమే ఇంటికి కొత్త వైర్లు లాగుతూ, బావగారి మెట్ల లైటు స్విచ్చిని తెచ్చి మా వంటింట్లో బిగించారు. "వెలుతురు కావాలంటే కిందికొచ్చి నన్ను బతిమాలుకోవాలి" అన్నారు. బావగారు బతిమాలలేదు. పోనీ ఈయన ఆగగలిగారా? ఆరున్నర కాగానే, "దరిద్రుడు, ఆ మోకాళ్లతో దొర్లిపడి నా ప్రాణానికే చుట్టుకుంటాడు" అంటూ వేసేవారు.

తోటివాణ్ణి ద్వేషించేవాడు చీకట్లో ఉన్నట్టేనని పాస్టరుగారు ఒక ఆదివారం చెప్పారు. బయటికి రాగానే మా ఆయన పట్టుకున్నారు. "అయ్యగారూ, మీ వైరింగులో తేడా ఉంది. ద్వేషించేది నేను, చీకటి పడాల్సింది మా అన్నకు."

"మరి పడుతోందా?"

మా ఆయన చెప్పులు వెతుక్కున్నారు.

సమాధి దగ్గర బావగారు పాట ఎత్తుకోలేదు. పుస్తకం పట్టుకుని గుంజలా నిలబడ్డారు. తమ్ముడు పోయినా పంతం పోలేదనుకున్నాను. ఆ రోజు నుంచి నేను స్విచ్చి జోలికి పోలేదు. ప్రార్థన మాత్రం మానలేదు. కళ్లు మూసుకుని చేసేదానికి లైటెందుకు?

నిన్న సాయంత్రం మెట్ల మీద దబ్బుమని చప్పుడు. పరిగెత్తాను. బావగారు కింది మెట్టు మీద కూలబడి, చీకట్లో చేత్తో తడుముతూ గుండీలు ఏరుకుంటున్నారు.

"దెబ్బ తగిలిందా బావగారూ?"

"మోకాలికేలే. అది ఎప్పుడో పోయింది."

"లైటు నేనే వెయ్యలేదు."

"తెలుసమ్మాయ్."

"ఓ కేక వెయ్యొచ్చుగా?"

"పదకొండేళ్లు అడక్కుండానే వెలిగింది. అలవాటు చెడగొట్టాడు వెధవ."

ఉండబట్టలేక అడిగేశాను. "ఆ రోజు సమాధి దగ్గర ఒక్క చరణమన్నా పాడలేకపోయారా?"

ఆయన గుండీలు గుప్పిట్లో బిగించారు. "నోరు తెరిచానమ్మా. నేను ఎత్తుకోగానే వెనకాల నుంచి గాడిదలా అందుకునేవాడు చూడు, అది వినపడలేదు. ఇక శ్రుతి ఎక్కడ దొరుకుతుంది?"

లోపలికెళ్లి స్విచ్చి వేశాను. వచ్చి చూస్తే ఆయన ముక్కు కారుతోంది. నాదీ అంతే. కాసేపు చీకటే నయమనిపించింది.

ఈ పొద్దున బావగారు ఒక ఎలక్ట్రీషియన్ నంబరు రాసిన చీటీ తెచ్చిచ్చారు. "ఆ స్విచ్చి పైకి మార్పించెయ్యమ్మా, నీకెందుకీ చాకిరీ" అన్నారు. అరగంట పని. చీటీని స్విచ్చి పక్కన మేకుకు గుచ్చాను. ఫోను మాత్రం చెయ్యను. ఆరున్నరకు నాకూ ఒక పనుండాలి కదా.